పల్లం చూసి ఆపడం

పోలినాయుడు సీటెత్తి చూశాడు.
"ఎన్నాళ్ళయిందమ్మా ఇది ఏసి?"
"ఇరవై నెల్లు."
"గేరంటీ ఎంత?"
"పద్దెనిమిది."
నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

దొండపర్తిలో కొన్నాను దాన్ని.
కంపెనీ పేరంటూ లేదు, దుకాణం పేరే దాని పేరు,
నీలం స్టిక్కరు మీద పసుపుపచ్చ మెరుపు బొమ్మ.
పై అరలో పెద్ద కంపెనీది ఐదువేల రెండొందలు,
ఇది రెండువేల తొమ్మిదొందలు.
ఏది కొన్నా పాతది ఇచ్చేస్తే ఆరొందలు తగ్గింపు.
"ఎన్నాళ్ళొస్తాది బాబూ?" అంటే
కుర్రాడు గోడమీది కేలండరు వైపు చూసి
"వాడకాన్ని బట్టండి" అన్నాడు.

నా వాడకం ఇదీ.
తెల్లారగట్ల నాలుగింటికి పెదజాలరిపేటలో బయల్దేరతాను,
వెనకాల పద్నాలుగు డబ్బాల ఇడ్లీ పిండి.
చినవాల్తేరులో రెండు. ఆపు, దించు, తాళం తిప్పు.
మలుపు తిరిగితే ఇంకొకటి. ఆపు, దించు, తిప్పు.
మొత్తం ఏడు కిలోమీటర్లు, పదకొండు తిప్పుళ్ళు.
"అదేనమ్మా దాని జబ్బు," అన్నాడు నాయుడు,
"తీసుకోడమే గానీ తిరిగి నింపే టైమివ్వరు మీరు."
చీటీల వరహాలమ్మ కూడా
ఒకసారి నన్ను ఈ మాటే అంది.

రాత్రంతా వ్యాను సముద్రం గాల్లో పడుకుంటుంది.
నెల తిరక్కుండా టెర్మినల్ మీద
తెల్లగా, అంచుల్లో నీలంగా పువ్వు పూస్తుంది.
వేణ్ణీళ్ళు పోస్తే బుసబుసమని పొంగి పోతుంది.
ఆపైన వాజిలీను రాస్తాను,
మా పిల్ల పెదాలకి రాసే డబ్బాలోదే.

పద్నాలుగో నెల్లో మొదటిసారి దాని గొంతు జీరపోయింది.
అప్పట్నుంచీ
ఎక్కడ ఆపినా పల్లం చూసి ఆపడం.
అంతకుముందు ఈ ఊరంటే నాకు సందులూ టిఫిన్ సెంటర్లూ,
ఇప్పుడు ఊరంతా ఏటవాలు.
సిరిపురం నుంచి పాండురంగాపురం దిగుడు బంగారం,
రెండో గేరులో క్లచ్ వదిలితే సగం దారిలోనే లేస్తుంది.
పెదవాల్తేరు పోలమాంబ గుడి దగ్గర వాలు పేరుకే,
ఇద్దరు నెట్టాలి.
ఎంవీపీ కాలనీ అరచేయిలా ఉంటుంది,
అక్కడ ఇంజనే ఆపను, పెట్రోలు పోతే పోయింది.

వానరోజు ఒకాయన, నడకకొచ్చిన మనిషి,
గొడుగు ముడిచి చంకలో పెట్టి నెట్టాడు.
ఆయన బూట్ల నిండా నీళ్ళు.
"బ్యాటరీ మార్చొచ్చు గదమ్మా."
"మారుస్తాను సార్, ఈ నెల."
ఆరు నెల్లుగా అదే ఈ నెల.

మా తమ్ముడు సన్యాసిరావు కాయితం మీద లెక్కేశాడు.
వ్యాను కొని ఎనిమిదేళ్ళు, ఇలాంటివి నాలుగు పోయాయి,
ఒకటి మూడేళ్ళకి దగ్గరగా వచ్చింది,
ఒకటి పదమూడు నెల్లకే పడుకుంది.
పెద్దవైతే నాలుగేళ్ళకొకటి, రెండు చాలేవి.
నాలుగు రెండువేల మూడొందలు తొమ్మిదివేల రెండొందలు.
రెండు నాలుగువేల ఆరొందలూ తొమ్మిదివేల రెండొందలే.
నన్ను తిడదామని మొదలెట్టినవాడు
పెన్ను మూత పెట్టేశాడు.
తేడా అంతా కాయితం మీదకి రాలేదు మరి,
నెట్టినవాళ్ళ బూట్లలో ఉండిపోయింది.

"ఏదెయ్యమంటారమ్మా?"
పర్సులో రెండువేల ఏడొందలు.
నాయుడు మళ్ళీ అడగలేదు.
ఈసారి స్టిక్కరు ఎరుపు, మెరుపు బొమ్మ మాత్రం అదే.
సుద్దతో తారీకు రాసి, చుట్టూ సున్నా చుట్టి,
పాతదాన్ని గుట్టమీద పడేశాడు.
"కరిగించి మళ్ళీ ఇవే చేస్తారంట" అన్నాడు.
అయితే ఇందులో సీసం
ఎనిమిదేళ్ళుగా నాదేనేమో.

తాళం ముట్టుకోగానే లేచింది, ఒక్క దగ్గు లేకుండా.
దారిలో రెండుసార్లు ఊరికే ఆపి
ఊరికే స్టార్టు చేసి విన్నాను.

సాయంత్రం పేటలో సిమెంటు చప్టా ఖాళీగానే ఉంది,
చదునుగా, ఇంటి గుమ్మానికి ఎదురుగా.
నా చేతులు అటు తిప్పలేదు.
వాలులో, ముక్కు కిందికి పెట్టి ఆపి,
ముందు చక్రానికి ఇటికరాయి అడ్డం పెట్టి
ఇంట్లోకెళ్ళి మినప్పప్పు నానబోశాను.